మూడు లెక్కపెట్టేలోపు

ఒకటో పలుకు. నూకాలును తీసుకుపోవడానికి ఇంకా పన్నెండు రోజులు.

నా పేరు దాలమ్మ. గట్టూరు, మూడో వీధి. రాయడం రాదు, చదవడం రాదు. నేను చెప్తుంటే ఈ గోడపెట్టె రాస్తుంది. నా మాటను కచేరీవాళ్ళకు తెలిసే తెలుగులోకి సర్దుతుందట, సర్దనీ. మనుషులు ఒకరితో ఒకరు అనుకున్న మాటల్ని మాత్రం ముట్టుకోవద్దని ముందే చెప్పాను. ముట్టుకుంటే గోడ మీద ఉప్పు గీకే బిళ్ళతో దీని ముఖం గీకుతాననీ చెప్పాను. వెంటనే ఒక ముక్క రాసుకుని నాకే చదివి వినిపించింది: "ఫిర్యాదుదారు కోపంగా ఉన్నారు." కోపం కాదు. నా ముఖమే అంత. నేను పుట్టినప్పుడు మంత్రసాని కూడా జడుసుకుందట.

ఈ ఫిర్యాదు నా గురించి కాదు, నా తోటికోడలు నూకాలు గురించి. పోయిన మా మరిది పెళ్ళాం. రెండు నెలల కింద దానికి పక్షవాతం వచ్చింది. చెయ్యి కదలదు, కాలు కదలదు, నాలుక కదలదు. కళ్ళు కదులుతాయి. బుద్ధి ఎక్కడికీ పోలేదు. ఇలా మంచం పట్టినవాళ్ళను గట్టు కింద మంచులాంటి చలికొట్లలో నిద్రపుచ్చి పడుకోబెడతారు. మందు దొరికాక లేపుతారట. ఆ కొట్లు కట్టి పద్దెనిమిదేళ్ళయింది. లేచి వచ్చినవాళ్ళను నేను చూడలేదు. చూశామన్నవాళ్ళనూ చూడలేదు.

ఒప్పుకున్నవాళ్ళనే తీసుకుపోవాలి, అది చట్టం. నూకాలు ఒప్పుకుందని కాగితం పుట్టింది. నూకాలు ఒప్పుకోలేదు. వద్దంది. అది వద్దనడం నేను నిలబడి చూశాను.

మా ఊళ్ళో ఇప్పుడు సంతకాల్లేవు, వేలిముద్రల్లేవు, అంతా రెప్పముద్రే. పెట్టె అడుగుతుంది, దాని ఎదురుగా నిలబడి మూడు లెక్కపెట్టేదాకా రెప్పలు మూసి ఉంచితే ఒప్పుకున్నట్టు. తెరిచి ఉంచితే లేదన్నట్టు. రేషను నీళ్ళకూ అదే, పెళ్ళికీ అదే. మంచం పక్కన పెట్టె పెట్టి నూకాలును అడిగారు. అది రెప్పలు మూసింది. మూడు కాదు, పది లెక్కపెట్టేదాకా బిగించి మూసింది.

ఎందుకు మూసిందో రేపు చెప్తాను. రెండో కడవ నీళ్ళు వదిలే వేళయింది. వరసలో లేకపోతే మన వాటా ఎదురింటివాళ్ళ చెంబులో ఉంటుంది.

రెండో పలుకు. పదకొండు రోజులు.

పొద్దున నూకాలుకు గంజి పట్టాను. చెంచాడు పోసి, గొంతు కదిలేదాకా ఆగి, మరో చెంచాడు. గంట పడుతుంది. తర్వాత దాని ఇంటి గోడ గీకాను, తర్వాత నా ఇంటి గోడ. వారం వదిలేస్తే ఉప్పు గోడను తినేస్తుంది. మా ఊరి కంటే సముద్రం రెండు తాటిచెట్లెత్తు పైన ఉంది మరి.

సముద్రాన్ని ఆపే గట్టులోంచి ఊరే నీటిని తోడి అవతలికి పోసేది పంపుసాల. నేనూ నూకాలూ అందులో ముప్పై నాలుగేళ్ళు చేశాం. ఆ హోరులో పక్కమనిషి చెవిలో అరిచినా వినపడదు. ముక్కుకూ నోటికీ గుడ్డ. రెండు చేతులూ చక్రం మీద. ఇక మనిషికి మిగిలేది కళ్ళు.

అందుకని కళ్ళతోనే అన్నీ. రెప్పలు తెరిచి ఉంటే పని నడవాలి. మూసి ఉంచితే ఆపాలి. దూరానికి కనపడాలని పైరెప్పలకు తెల్లమలాం రాసుకునేవాళ్ళం. ఆ చివర రెండు తెల్లమచ్చలు కనపడ్డాయంటే ఈ చివర మనిషి మీట ఎత్తి చక్రం ఆపేయాలి. ఎందుకని అడగడాల్లేవు. కొత్తగా చేరిన పిల్లకు మొదటి నెల మేం నేర్పేది అదొక్కటే. చక్రం నీ మీదికి వస్తే చేతులు వదలకు, అరవకు, కళ్ళు మూయి. ఆలోచించి మూయడం కాదు. ఒళ్ళే మూసేయాలి. అంతదాకా నేర్పి గానీ వదిలేవాళ్ళం కాదు.

రెప్పముద్ర వచ్చిన కొత్తలో మా సంఘం పోట్లాడి పంపుసాలవాళ్ళకు వేలిముద్రే ఉంచింది. మూడేళ్ళ కింద పంపులు తమంతట తాము తిరగడం నేర్చాయి. మమ్మల్ని ఇళ్ళకు పంపేశారు. వేలిముద్ర కూడా ఆ రోజే పోయింది. అప్పట్నుంచీ ముద్ర వేసిన ప్రతిసారీ మా ఒళ్ళు మాతో తగువు పడుతుంది. వీధి చివర గురమ్మ, నోరు జల్లెడ, నీళ్ళ వరసలో అంటుంది:

"నీళ్ళు ఇయ్యమంటన్నానో, ఆపేయమంటన్నానో నాకే తెలట్నేదే దాలప్పా. ముద్రేసినాక కడవ తొంగి సూసుకుంటన్నాను."

నవ్వుతాం. మంచం పక్కన పెట్టె అడిగిన రోజు నూకాలుకు ముద్ర గుర్తుకు రాలేదు. దానికి కాళ్ళూ చేతులూ లేవు, నోరు లేదు, ఎవరో తనను ఎక్కడికో తోస్తున్నారు. పంపుసాల మనిషి ఏం చేస్తుందో అదే చేసింది.

పెట్టె దీన్ని రాసుకుని "ఫిర్యాదుదారు దుఃఖంలో ఉన్నారు" అంది. ఉప్పు కళ్ళలో పడింది, అంతే.

మూడో పలుకు. తొమ్మిది రోజులు.

కచేరీకి వెళ్ళాను. విచారణాధికారి పేరు శేషగిరి. మంచి కుర్రాడే. నాకు కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. మంచివాళ్ళతోనే వస్తుంది చిక్కు, తిట్టడానికి నోరు రాదు.

"ఆవిడ కళ్ళు మూసింది వద్దని చెప్పడానికే అంటున్నారు. అది మీకెలా తెలుసమ్మా?"

"నాకు తెలకపోతే ఇంకెవలికి తెలుస్తాది బాబూ? ముప్పై నాలుగేళ్ళు దాని కళ్ళే సూసినాను. నాను పది మాటలు అరిసి సెప్పింది అది ఒక్క సూపులో సెప్తాది. ఆకలేస్తే అన్నం కుండకేసి సూడదు, నీళ్ళ కుండకేసి సూస్తాది. కోపమొస్తే మనిసికేసి సూడదు, మనిసి పాదాలకేసి సూస్తాది. మీ పెట్టెకి తెలుసునా ఇవి?"

"తెలియదు. అందుకే బంధువు సాక్ష్యం చెల్లుతుంది. కానీ రోజూ మాటలున్న బంధువు అయి ఉండాలి." బల్ల మీది పెట్టెను తనవైపు తిప్పుకున్నాడు. "రెండు నెలల కింద ఆస్పత్రివాళ్ళు మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. ఏం చెప్పారో గుర్తుందా?"

గుర్తుంది. నేను చెప్పేలోపే ఆయన బల్ల మీది పెట్టె నా గొంతే నాకు వినిపించింది.

"దానికీ నాకూ మాటల్నేవు. పందొమ్మిదేళ్ళయినాది. దాని ఊసు నా కాడ ఎత్తకండి."

ఎంత గట్టిగా అన్నానో! కచేరీలో అటెండరు కూడా తలెత్తి చూశాడు.

"నోటి మాటల్నేవు బాబూ," అన్నాను. "ఇంటి కాడ నేవు. పంపుసాల్లో రోజుకి నూరుసార్లు అది నన్ను సూడాల, నాను దాన్ని సూడాల. నేకపోతే ఇద్దరం సచ్చుందుము."

"మీ మాట నేను నమ్ముతున్నానమ్మా. నమ్మినట్టు రాయడానికి నాకు గడి లేదు." మళ్ళీ ఆలోచించి అన్నాడు. "ఒక పని చేయొచ్చు. పరీక్ష పెడతాను. ఆవిడ చూపును మీరు చదవగలరని అందులో తేలితే, మీ సాక్ష్యం చెల్లుతుంది. తరలింపు ఆగుతుంది."

తరలింపుకు అయిదు రోజులున్నాయనగా పరీక్ష.

నాలుగో పలుకు. ఏడు రోజులు.

ఫిర్యాదు అన్నాక అంతా చెప్పాలి. దాచిపెట్టి గెలిచిన వ్యాజ్యం నాకు అక్కర్లేదు.

నా కుడిచేతికి మధ్యవేలూ, పక్క వేలూ లేవు. పందొమ్మిదేళ్ళ కింద నా కొంగు చక్రానికి చుట్టుకుంది. నేను రెప్పలు మూశాను. ఎదుటి మీట దగ్గర నూకాలు ఉంది. మీట ఎత్తలేదు. మూడు లెక్కపెట్టాను, ఎత్తలేదు. నాలుగో లెక్కకు ఎత్తింది. ఆ ఒక్క లెక్కలో రెండు వేళ్ళు పోయాయి. ఎందుకు చూడలేదని నేను అడగలేదు. అది చెప్పలేదు. అది చెప్పే మనిషి కాదు, నేను అడిగి వినే మనిషిని కాదు. మా గుమ్మాలు ఎదురెదురు. పందొమ్మిదేళ్ళు అటొకరం, ఇటొకరం కూర్చుని చేపలు ఎండేసుకున్నాం. దాని కొడుకు ఉప్పుదగ్గుతో పోయినప్పుడు కూడా నేను వెళ్ళి వాకిలి ఊడ్చి వచ్చాను, మాట్లాడలేదు.

ఇప్పుడు రెండో సంగతి. ఇది ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు మంచం పక్కన పెట్టె అడిగినప్పుడు నేను గుమ్మంలో ఉన్నాను. బంధువు ఎదుట ఉండాలని పిలిచారు. నూకాలు రెప్పలు మూయడం చూశాను. ఆపమంటోందని నాకు తెలుసు. నా ఒంటికి తెలుసు. అక్కడ లేని మీట కోసం నా ఎడమచెయ్యి లేచింది. "అదికాదు, వద్దంటోంది" అని అరిస్తే సరిపోయేది. పెట్టె తెచ్చిన ఆస్పత్రి పిల్ల ఆపి మళ్ళీ అడిగేది. నోరు తెరిచాను. దాని తరఫున నేను మాట్లాడటమేమిటి అనిపించింది. పందొమ్మిదేళ్ళు లేని మాట నోట్లో అడ్డం పడింది. దాన్ని మింగాలా, కక్కాలా అని చూసుకునేలోపు పెట్టె ఒకటి, రెండు, మూడు అంది. ముద్ర పడింది.

అది నా విషయంలో ఒక లెక్క ఆలస్యం చేసింది. నేను మూడు లెక్కలూ నిలబడి చూశాను.

పెట్టె నా ముఖం గురించి ఏదో రాసుకుంది. చదవబోతే వద్దన్నాను.

అయిదో పలుకు. అయిదు రోజులు.

పరీక్ష నూకాలు ఇంట్లోనే జరిగింది. శేషగిరి, ఆస్పత్రి పిల్ల, వాళ్ళ పెట్టె. నన్ను బయట నిలబెట్టి నూకాలుకు మూడు వస్తువులు చూపించారు. గరిటె, తాళంకప్ప, చెప్పు. అందులో ఒకటి దానికి రెండోసారి చూపించి, మూడూ గుడ్డ కింద పెట్టేశారు. నేను లోపలికి వెళ్ళి ఆ రెండోసారి చూపింది ఏదో నూకాలు చూపులోంచి చదివి చెప్పాలి. మాకది పెద్ద పని కాదు. ఇనుప సామాను కావాలంటే పైకి, తోలు సామానుకు ఎడమకు, వంట సామానుకు కిందికి. పంపుసాలలో పనిముట్లు అలాగే తెప్పించుకునేవాళ్ళం.

మంచం ముందు కూర్చుని కుడిచెయ్యి ఎత్తి, "ఏది?" అని మా పద్ధతిలో అడిగాను. చక్రం మీద లేని మనిషి అడిగేది అలాగే, చెయ్యి అడ్డంగా రెండుసార్లు తిప్పాలి, అంతే.

నూకాలు పైకి చూడలేదు. ఎడమకు చూడలేదు. నా చేతిని చూసింది. వేళ్ళు లేని చోటును చూసింది. గంజి కూడా ఎడమచేత్తోనే పడతాను, ఆ చెయ్యి దాని ముఖానికి అంత దగ్గరగా పందొమ్మిదేళ్ళలో ఎన్నడూ రాలేదు మరి. చాలాసేపు చూసింది. తర్వాత చూపును తన గుండెల మీదికి దించి అక్కడే ఉంచేసింది. రెప్పలు మూయలేదు, ఆర్పలేదు.

పంపుసాలలో దాని అర్థం చిన్నపిల్లకైనా తెలుసు. తప్పు నాది.

"చెప్పండమ్మా. ఏ వస్తువు?" అన్నాడు శేషగిరి.

"వస్తువు ఊసెత్తనేదు బాబూ. నా సెయ్యి సూసింది. తప్పు తనదంది."

"మళ్ళీ అడగండి."

మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే. దానికి ఆ మూడు వస్తువులతో ఏం పని? పందొమ్మిదేళ్ళకు నేను ఎదుట కూర్చుని ఏదో అడిగితే, నేను అడిగింది దాని గురించే అనుకుంది. లేకపోతే ఇంక టైము లేదనుకుంది.

శేషగిరి వంగి, ఆస్పత్రి పిల్లకు వినపడకుండా అన్నాడు. "మూడింట్లో ఒకటి చెప్పండమ్మా. ఏదో ఒకటి."

నాకు చెప్పాలనే ఉంది. తగిలితే అది బతుకుతుంది. కానీ అది అనని మాటను దాని కళ్ళలో పెట్టింది పెట్టె. అందుకే కదా నేను కచేరీ గడప ఎక్కింది. అదే పని నేనూ చేస్తే నాకూ పెట్టెకూ తేడా ఏముంది?

"అది సెప్పని మాట నాను సెప్పను," అన్నాను.

"ఫలితం: చదవలేకపోయారు" అంది వాళ్ళ పెట్టె.

వాళ్ళు వెళ్ళాక మంచం పట్టె మీద కూర్చున్నాను. "ఓలే నూకాలా," అన్నాను. పందొమ్మిదేళ్ళ తర్వాత అది మొదటి మాట. రెండో మాట తోచలేదు. గంజి కలుపుకొచ్చి పట్టాను. దాని కళ్ళు నీళ్ళ కుండ వైపు చూశాయి. ఇంకో చెంచాడు పోశాను.

ఆరో పలుకు. రెండు రోజులు.

పరీక్ష నాడు పోతూ పోతూ శేషగిరి గుమ్మంలో ఆగి ఒక మాట చెప్పాడు. వీధి అభ్యంతరం అని ఒక నియమం ఉందట. తరలింపు బండి వచ్చినప్పుడు వీధివాళ్ళు నలభై మంది ఎదుట నిలబడితే, బండి మీది పెట్టె అందరినీ ఒకేసారి అడుగుతుంది. సగానికి మించి ముద్ర వేయకపోతే బండి వెనక్కి తిరగాలి. మళ్ళీ ఏడాదిదాకా రాకూడదు.

"మీరేం మాట్లాడక్కర్లేదు," అన్నాడు. "సాక్ష్యాలు అక్కర్లేదు. కళ్ళు తెరిచి నిలబడితే చాలు. మూడు లెక్కపెట్టేదాకా."

మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగాను. మగవాళ్ళు గట్టు పనికి పోయారు. ఉన్నది మేమే, పంపుసాల ముసలాళ్ళం. నలభై మంది అయ్యారు, నాతో నలభై ఒకటి. ఇవాళ అందర్నీ నీళ్ళ గొట్టం దగ్గర నిలబెట్టి చెప్పాను.

"సేతులు పట్టుకుని నిలబడాల. ఎవలూ ఎవల సెయ్యీ ఒగ్గకూడదు. కళ్ళు మూయకూడదు. ఈగ దూరినా మూయకూడదు. తెలిసినాదా?"

"మా ఆయన పక్కింటిదానికేసి సూసినట్టు సూస్తాను, సాలా?" అంది గురమ్మ. అంతా ఘొల్లున నవ్వారు.

పాత పనిగుడ్డలు కట్టుకుందామని కూడా గురమ్మే అంది. రెప్పలకు మలాం రాసుకుందాం, కిటికీలోంచి చూస్తే నూకాలుకు మనమెవరో తెలియాలి, ఒంటరిదాన్నని అనుకోకూడదు అంది. మంచి మాటే అనుకున్నాను. నేనూ సరేనన్నాను. ఇది రాసుకో, పెట్టే. సరేనన్నది నేనే.

ఏడో పలుకు.

బండి పొద్దుటే వచ్చింది. తెల్లది, చప్పుడు లేదు, తోలేవాడు లేడు. నూకాలును ఎత్తి అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. దాని తల వీధి వైపు ఉంది. చూస్తోంది.

మేం వీధికి అడ్డంగా చేతులు పట్టుకుని నిలబడ్డాం. నీలం పనిగుడ్డలు, మూతికి గుడ్డలు, రెప్పలకు మలాం. నా కుడిచేతిని, ఆ వేళ్ళు లేని చేతిని, గురమ్మ గట్టిగా పట్టుకుంది. బండి మా ముందుకొచ్చి ఆగింది.

"వీధివాసులకు నమస్కారం. ఈ తరలింపుకు మీ ఒప్పుకోలు కోరుతున్నాం," అంది పెట్టె.

అందరివీ కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను అటూ ఇటూ చూసుకున్నాను. గురమ్మ కళ్ళు గుడ్లగూబలా పెట్టింది. గెలిచాం అనుకున్నాను.

"లెక్క మొదలవుతోంది," అంది. అంటూనే బండి కదిలింది. ఒక మూర. ఊరికే. ముఖాలు బాగా కనపడాలని దగ్గరికి జరుగుతుందని తర్వాత శేషగిరి చెప్పాడు. ముందు తనకు గుర్తురాలేదన్నాడు.

చక్రాలు మా మీదికి వచ్చాయి. మా రెండు చేతులూ పట్టులో ఉన్నాయి. మూతికి గుడ్డ ఉంది.

ఎవరు ముందు మూశారో నాకు తెలియదు. నేను మూయలేదని చెప్పను. ఎవరూ ఆలోచించి మూయలేదు. ఒళ్ళే మూసింది. ముప్పై నాలుగేళ్ళు మేం నేర్పుకున్నదీ, పిల్లలకు నేర్పినదీ అదే. ఆపు, ఆపు, ఆపు అని నలభై ఒక్కమందిమి ఒళ్ళంతా బిగించి చెప్పాం. అంత గట్టిగా నేను జన్మలో ఎప్పుడూ అరవలేదు. చీకట్లో ఒకటి, రెండు అని వినపడింది. ఏం చేస్తున్నామో నాకప్పుడు తెలిసింది. తెరిచాను. తెరిచేసరికే మూడు.

"నలభై ఒక్క ఒప్పుకోళ్ళు నమోదయ్యాయి. ధన్యవాదాలు."

గురమ్మ ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. "ఆగిందా? దాలప్పా, ఆగిందా?" అంటోంది.

దారి ఇవ్వమని బండి మమ్మల్ని మెల్లగా పక్కకు తోసింది. చేతులు వాటంతటవే ఊడిపోయాయి. అద్దాల పెట్టె నా పక్కనుంచి జానెడు దూరంలో పోయింది. నూకాలు నన్నే చూస్తోంది. మేం రెప్పలు మూయడం అది చూసింది. నలభై ఒక్క జతల తెల్లమచ్చలు ఒకేసారి. వీధిలో ఎవరేమనుకున్నా, పెట్టె ఏం రాసుకున్నా, మేం ఏమన్నామో దానికి తెలుసు. మా మాట తెలిసిన మనిషి ఆ బండిలో అదొక్కతే. దాని చేతిలో మీట లేదు.

మళ్ళీ ఒకసారి రెప్పలు మూసింది. నాకోసం. ఆపమని.

"నూకాలా!" అని అరిచాను. అద్దం మందమైనది.

ఇదీ నా ఫిర్యాదు. గంజి గిన్నె దాని ఇంట్లోనే ఉంది, కడగలేదు. ఈ పూట గోడలు గీకలేదు. ఫిర్యాదు చెల్లాలంటే ఫిర్యాదుదారు రెప్పముద్ర వేయాలని ఈ పెట్టె ఇందాకట్నుంచీ అడుగుతోంది. వేయకపోతే చెప్పిందంతా చెరిగిపోతుందట. బొటనవేలు ఉంది, తీసుకోమన్నాను. తీసుకోదట.

కళ్ళు మూయమంటోంది. దీన్ని చూస్తూ కూర్చున్నాను.